ఇంగ్లీషూ కావాలి... పిల్లాడూ కావాలి!

విజయవాడలో బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డెక్కితే చాలు... హోర్డింగులు వెంటపడతాయి. పటమట, ఆటోనగర్, కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు... కంకిపాడు వచ్చేదాకా వదలవు. పాస్‌పోర్టు సైజు ఫొటోల కింద ర్యాంకులు, మార్కులు, హాల్‌టికెట్ నంబర్లు. ఒకప్పుడు బోర్డు మీద 'రెసిడెన్షియల్' అని ఉంటే చాలు, బడికి గిరాకీ ఉండేది. తర్వాత 'కాన్సెప్ట్' వచ్చింది, 'టెక్నో' వచ్చింది, 'ఒలింపియాడ్' వచ్చింది. ఇప్పుడంతా 'ఇంటర్నేషనల్'. లోపలికెళ్లి చూస్తే చాలావాటిలో నడిచేది సీబీఎస్ఈ సిలబసో, మన స్టేట్ సిలబసో! అయినా సరే, ఆ మాటలో ఏదో ఉంది. సముద్రం అవతలి చదువు మన వీధిలోకే వచ్చిందన్న భరోసా కావచ్చు.

నిజంగా సముద్రం దాటి వచ్చిన బడి కావాలంటే మాత్రం ఇదే రోడ్డు మీద ఇంకో డెబ్భై కిలోమీటర్లు పోవాలి. కంకిపాడు, ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ, పామర్రు దాటుకుని బందరు చేరాలి. నూట ఎనభై ఏళ్ల కిందట అక్కడ ఓ బడి మొదలైంది. కేంబ్రిడ్జిలో చదివినాయన పెట్టాడు. డబ్బులు ఇంగ్లండు నుంచి వచ్చేవి. అందులో చదివిన ఓ కుర్రాడు కేంబ్రిడ్జి దాకా వెళ్లాడు కూడా. అలాగని గొడవలు లేకుండా నడిచిందా అంటే... ఆ బడి మూలంగా ఒకసారి ఊరు ఊరంతా అట్టుడికింది. ఇవాళ మనం పిల్లల్ని బడిలో వేసేటప్పుడు పడే ఆశా భయమూ రెండూ ఆ గొడవలో ఉన్నాయి.

ఇద్దరే పిల్లలు

బందరుకి పరదేశీయులు కొత్త కాదు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్లు ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. ఫ్రెంచివాళ్లూ వచ్చారు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని ఈనాటికీ వాళ్ల పేర్లతో పేటలున్నాయి. వలందులంటే డచ్చివాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు. ఇప్పుడు ఆ పేటల్లో తిరిగేవాళ్లెంతమందికి ఆ సంగతి తెలుసో గానీ, రేవుపట్టణం చరిత్రంతా ఆ మూడు పేర్లలో ఇమిడిపోయింది.

1841లో రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే ఇద్దరు పాదరీలు ఇక్కడికొచ్చేసరికి ఆ వైభవం చాలామటుకు పోయింది. లాంకషైర్ మిల్లు గుడ్డ దెబ్బకి బందరు అద్దకాలు, నేత దెబ్బతిన్నాయి. ఓడల సందడి తగ్గింది. గుంటూరు, బందరు సీమల్లో 1833 నాటి కరువు మిగిల్చిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. కృష్ణకు ఆనకట్ట లేదు, కాలవల్లేవు. డెల్టా అంటే ఇప్పుడు కళ్లముందు మెదిలే పచ్చదనం అప్పటికి పుట్టనేలేదు.

వాళ్లిద్దరినీ పంపింది లండన్‌లోని చర్చ్ మిషనరీ సొసైటీ. ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించే పని తీసుకున్నాడు. నోబుల్ బడి పెడతానన్నాడు. మనిషిది విచిత్రమైన పట్టుదల. దిగీదిగగానే బోర్డు తగిలించలేదు. ముందు తెలుగు నేర్చుకుంటూ రెండేళ్లు గడిపాడు. 1843 నవంబరులో బడి తెరిచాడు. మొదటిరోజు వచ్చింది ఇద్దరంటే ఇద్దరు పిల్లలు! అప్పటికి ఆయన వయసు ముప్ఫై నాలుగు. పెళ్లి చేసుకోలేదు. 1865లో బందరులోనే చనిపోయేదాకా ఆ ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా సొంతూరు మొహం చూడలేదు.

ఆయన ఆలోచనలో దాపరికం లేదు. పై కులాల పిల్లలకి, పలుకుబడి ఉన్న కుటుంబాల పిల్లలకి ఇంగ్లీషు చదువు చెప్పాలి. దాంతోపాటే బైబిలూ చెప్పాలి. వాళ్లు మారితే కిందివాళ్లు వాళ్ల వెనకే వస్తారు... ఇదీ లెక్క. బైబిలు క్లాసు తప్పనిసరి. ప్రార్థన తప్పనిసరి. పిల్లల్ని తెచ్చి చేర్చినవాళ్లకి ఈ సంగతి తెలుసు. తెలిసే చేర్చారు!

ఎందుకని? దానికి జవాబు బందరులో కాదు, కలకత్తాలో ఉంది. బడి తెరిచిన మరుసటేడు, 1844లో, గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రభుత్వోద్యోగాల్లో ఇంగ్లీషు చదివినవాళ్లకి ప్రాధాన్యం ఇవ్వాలని తీర్మానం చేశాడు. అంతకు కొద్దికాలం ముందే కచేరీల్లో పారసీ దర్జా పోయింది. తరతరాలుగా కరణీకాలు, కచేరీ కొలువులు చేసుకుంటున్న కుటుంబాలకి కాలి కింద నేల కదిలింది. కొడుకుకి ఇంగ్లీషు రాకపోతే కొలువు లేదు. ఇంగ్లీషు చెప్పేది నోబుల్ దొర. సరే... ఆ బైబిలు గంట ఏదో ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తాడులే, ఇంటికొచ్చాక సంధ్యావందనం మన చేతుల్లోనే ఉందిగా అనుకున్నారు. అలా చేరిన పిల్లలతో బడి మెల్లమెల్లగా నిండింది.

ఫాక్స్ మాత్రం ఎక్కువకాలం నిలవలేదు. 1845లో భార్య పోయింది. ఆరోగ్యం చెడి ఇంగ్లండు వెళ్లి 1848లో చనిపోయాడు. ఆయన చదివింది రగ్బీ స్కూల్లో... అవును, ఆ ఆటకి పేరిచ్చిన రగ్బీయే. ఆయన జ్ఞాపకార్థం ఆ స్కూలువాళ్లు చందాలు వేసుకుని బందరు బడిలో ఓ ఉపాధ్యాయుడి జీతానికి నిధి ఏర్పాటు చేశారు. 'రగ్బీ ఫాక్స్ మాస్టర్' అని ఆ ఉద్యోగానికి పేరు. ఇంగ్లండులో ధనవంతుల పిల్లలు చదివే బడి, బందరులో కరణంగారి అబ్బాయి చదువుకి చందా వేసిందన్నమాట. ఇవాళ ఇలాంటిది జరిగితే రోడ్డు పొడుగునా దాని గురించే హోర్డింగులు పెట్టేవాళ్లు.

ఆ రెండు పేర్లు

1852లో అనుకోనిది జరిగింది. నిజానికి నోబుల్ తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నది, తల్లిదండ్రులు తొమ్మిదేళ్లుగా జరగదులే అనుకుంటున్నది ఒకటే.

మంచాల రత్నం, అయినాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం తీసుకుంటామని ఇల్లు వదిలి నోబుల్ దగ్గరికి వచ్చేశారు. ఒకరు బ్రాహ్మణ యువకుడు, ఇంకొకరు వెలమ. వార్త పొక్కగానే ఊరు కదిలింది. బంధువులు వచ్చి బతిమాలారు, ఏడ్చారు. జనం గుమిగూడారు. వ్యవహారం అధికారుల దాకా వెళ్లింది. కుర్రాళ్లిద్దరూ మాట మార్చలేదు. బాప్తిస్మం జరిగింది. అంతే... పిల్లల్ని మాన్పించేశారు. తొమ్మిదేళ్లపాటు ఒక్కొక్కరిగా చేరిన పిల్లలు ఒక్కసారిగా పోయారు. బడి దాదాపు ఖాళీ.

అప్పట్లో మతం మారడమంటే ఏమిటో ఇప్పటివాళ్లకి ఊహించడం కష్టం. కొడుకు మతం మారితే ఆ ఇంట్లోవాళ్లకి అతను చనిపోయినట్టే. తల్లి చేతి అన్నం లేదు, తమ్ముడి పెళ్లికి పిలుపు లేదు. తండ్రికి తలకొరివి పెట్టేవాడు లేడు. దీనికితోడు 1850లో కంపెనీ ప్రభుత్వం ఓ చట్టం తెచ్చింది. మతం మారినా, కులం పోయినా వారసత్వపు హక్కు పోదని ఆ చట్టం చెప్పింది. మారినవాడికి అది రక్షణ. మిగిలిన కుటుంబానికి మాత్రం పుండు మీద కారం. ఇంటి ఆచారాన్ని కాదని వెళ్లినవాడికి ఇంటి ఆస్తిలో వాటా ఏమిటని మద్రాసు నుంచి బందరు దాకా పెద్దలు మండిపడుతున్న రోజులవి.

ఈ కథని రెండువైపుల నుంచీ రెండురకాలుగా చెప్పుకున్నారు. మిషనరీ పుస్తకాల్లో ఇది విజయగాథ. రత్నం, భూషణం ధైర్యవంతులు, జనం మూర్ఖులు. ఊళ్లోవాళ్ల లెక్కలో ఇది నమ్మకద్రోహం. చదువు చెబుతానని పిల్లల్ని తీసుకుని పిల్లల్నే ఉంచేసుకున్నాడు. నాకు మాత్రం ఈ రెంటిలోనూ ఏదో తక్కువైనట్టుంటుంది. నోబుల్ ఎవర్నీ మోసం చెయ్యలేదు, తను చేసే పని చెప్పే చేశాడు. తల్లిదండ్రులు మూర్ఖులూ కారు. వాళ్లు ఓ బేరం ఆడారు. బడి నుంచి తమకి కావలసింది తీసుకుని అక్కర్లేనిది వదిలేయొచ్చన్నది ఆ బేరం. వాళ్లు లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. పదిహేను పదహారేళ్ల పిల్లాడికి రోజుకి ఆరేడు గంటలు ఎవరు ఎదురుగా కూర్చుని మాట్లాడతారో వాళ్ల ప్రభావం ఆ పిల్లాడి మీద పడకుండా ఉండదు. రత్నం, భూషణం సంగతీ ఆలోచించాలి. వాళ్లు ఎవరో ఎత్తుకుపోతే పోయే వస్తువులు కారు. ఇల్లు, కులం, ఆస్తి, అమ్మ... అన్నీ పోతాయని తెలిసి అడుగేసిన మనుషులు.

ఇలాంటి గొడవ జరిగింది బందరు ఒక్కచోటే కాదు. 1841లో మద్రాసులో స్కాట్లండు మిషనరీల బడిలో ఇద్దరు విద్యార్థులు మతం మారినప్పుడు అక్కడా బడి ఖాళీ అయింది. ఆ నగరంలో తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి 1844లో 'క్రెసెంట్' అనే పత్రిక పెట్టారు. సర్కారు బడుల్లో బైబిలు పాఠాలు పెట్టాలన్న ప్రయత్నాల మీద దాని ద్వారా పోరాడారు. బందరులో గొడవ జరిగిన 1852లోనే ఆయన ఆధ్వర్యంలో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ ఏర్పడింది. దక్షిణాదిలో రాజకీయ సంఘాల చరిత్ర రాసేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు. బడిలో ఏం చెబుతున్నారన్న తగాదా నుంచి రాజకీయం పుట్టిందంటే ఆశ్చర్యం ఏముంది?

మళ్లీ నిండిన బెంచీలు

ఆ తర్వాత సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఖాళీ అయిన బడి ఎన్నాళ్లు ఖాళీగా ఉంది? ఎన్నాళ్లో లేదు. పిల్లలు మళ్లీ రావడం మొదలుపెట్టారు. బైబిలు క్లాసు ఎత్తేశారా అంటే లేదు. నోబుల్ తగ్గాడా అంటే తగ్గలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకి మళ్లీ ఒకరిద్దరు మారారు. అందులో జానీ అలీ అనే ముస్లిం యువకుడు ఉన్నాడు. అతనే తర్వాత కేంబ్రిడ్జి వెళ్లి పట్టా తీసుకుని, పాదరీ అయి, బొంబాయి, కలకత్తాల్లో పనిచేశాడు. అప్పుడూ గొడవైంది, మళ్లీ సర్దుకుంది.

ఎందుకు సర్దుకుందంటే... అదే 1852లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైంది. 1855కి పూర్తయింది. కాలవలు తవ్వారు. నీళ్లొచ్చాయి, వరి వచ్చింది, కాలవల మీద పడవలొచ్చాయి. నీటితోపాటు నీటి లెక్కలు, శిస్తు లెక్కలు, ఓవర్సీర్లు, గుమాస్తాలు, కోర్టులు, ప్లీడర్లు కూడా వచ్చారు. ఇంగ్లీషు వచ్చినవాడికి పని దొరికే రోజులు వచ్చేశాయి. పైగా 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్‌తో ప్రైవేటు బడులకు, మిషనరీ బడులతో సహా, సర్కారు గ్రాంట్లు ఇచ్చే పద్ధతి మొదలైంది. బడి బలపడింది. ఊళ్లో కోపం ఉంది గానీ కోపంతో కొడుకుని ఇంట్లో కూర్చోబెట్టుకోలేరుగా!

రత్నం, భూషణం తమ బడిలోనే పాఠాలు చెప్పారు. 1864లో ఇద్దరూ పాదరీలుగా అభిషేకం పొందారు. ఆ ఏడే నవంబరు 1న బందరు మీద ఉప్పెన పడింది. ముప్ఫై వేలమంది పోయారని లెక్క. ఊరు మళ్లీ కోలుకోవడానికి తరాలు పట్టింది. మరుసటేడు అక్టోబరులో నోబుల్ కన్నుమూశాడు. బడికి ఆయన పేరే నిలిచి, తర్వాత నోబుల్ కాలేజీ అయింది.

ఈ కథలో గేటు బయట నిలబడ్డవాళ్ల సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. పై కులాలవాళ్లు మారితే మిగతావాళ్లు వెనక వస్తారన్న నోబుల్ లెక్క తప్పింది. ఆయన బడి నుంచి జీవితకాలంలో మారినవాళ్లు కొద్దిమందే. 1859లో కృష్ణకు ఎగువన రాఘవాపురం నుంచి పగోలు వెంకయ్య అనే మాల రైతు ఎవరూ పిలవకుండానే బెజవాడలో ఉన్న మిషనరీ డార్లింగ్‌ని వెతుక్కుంటూ వచ్చాడు. తనవాళ్లతోపాటు బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత మాలపల్లెల నుంచి వందలు, వేలుగా కదిలారు. వాళ్ల కోసం పల్లెల్లో చిన్న చిన్న బడులు పెట్టారు. తాటాకు పాక, పలక, ఓ పంతులు... అంతే. బందరులో ఇంగ్లీషు బడి బెంచీల మీద ఎవరు కూర్చోవాలన్న తగాదా నడుస్తుంటే, అసలు ఏ బడి అరుగూ ఎక్కనివ్వని వాళ్లకి తొలి అక్షరం ఆ పాకల్లో దొరికింది. బందరు వీధుల్లో రత్నం, భూషణంల గురించి కదిలిన జనం ఈ పాకల గురించి కదిలినట్టు ఎక్కడా కనిపించదు.

మన బడి మనమే పెట్టుకుంటే!

నోబుల్ కాలేజీకి రాత ఎలా ఉందో చూడండి... క్రైస్తవుల్ని తయారుచేద్దామని పెట్టిన చోట స్వదేశీ నాయకులు తయారయ్యారు. 1890ల్లో అక్కడ రఘుపతి వెంకటరత్నం నాయుడు పాఠాలు చెప్పారు. ఆయన బ్రహ్మసమాజికుడు. తెల్లని బట్టలు, కచ్చితమైన నడవడిక. కుర్రాళ్ల మీద ఆయన ముద్ర అంతా ఇంతా కాదు. అలా ఆయన దగ్గర, ఆ కాలేజీలో చదివినవాళ్లలో ముగ్గురు... భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ బందరు వచ్చాడు. వందేమాతరం రోజులు. మన చదువు మనమే చెప్పుకోవాలన్న మాట అప్పటికి బెంగాల్ నుంచి దేశమంతా పాకింది. ఈ ముగ్గురూ ఆ మాట పట్టుకున్నారు. హనుమంతరావు న్యాయశాస్త్రం చదివి కూడా ప్లీడరీ వద్దనుకున్నారు. ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. 1910 మార్చి 27న ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమైంది.

పేరు కళాశాలే గానీ అందులో వడ్రంగం ఉంది, నేత ఉంది, యంత్రశాల ఉంది. ఇంగ్లీషు పుస్తకం బట్టీపట్టి గుమాస్తా అయ్యే చదువు కాకుండా చేతిపని, సైన్సు, మాతృభాష కలిసిన చదువు కావాలన్నది పట్టుదల. జాతీయ పతాకానికి రూపమిచ్చిన పింగళి వెంకయ్య అక్కడ పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. బెంగాలీ చిత్రకారుడు ప్రమోద్‌కుమార్ చటర్జీ వచ్చి బొమ్మలు నేర్పాడు. ఆయన శిష్యుడు అడవి బాపిరాజు 1930ల్లో ఆ కళాశాలకే ప్రిన్సిపల్ అయ్యారు. ఇంతమంది ఒకే గేటులోంచి నడిచారంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.

మరి ఊరంతా పిల్లల్ని అక్కడే చేర్చిందా? అదే జరగలేదు. సర్కారు గ్రాంటు వద్దన్నారు, విశ్వవిద్యాలయం గుర్తింపు వద్దన్నారు. దాంతో అక్కడి పట్టాకి ఉద్యోగం రాదు. సభలో చప్పట్లు కొట్టి, చందా వేసి, కొడుకుని మాత్రం నోబుల్‌కో, హిందూ హైస్కూలుకో పంపినవాళ్లు ఎందరో. హిందూ హైస్కూలు కూడా తక్కువది కాదు... అక్కడ తెలుగు చెప్పింది చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి! హనుమంతరావు తన ప్రాణమంతా జాతీయ కళాశాలకే ధారపోసి 1922లో, నలభై మూడు దాటకుండానే వెళ్లిపోయారు. పట్టాభి 1923లో ఇదే ఊళ్లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అది దేశమంతా పాకింది. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసేదాకా దాని బోర్డు లేని తెలుగు ఊరు అరుదు. డబ్బు దాచుకునే చోటు మనదైతే చాలు గానీ చదువు దగ్గర మాత్రం పైవాడి ముద్ర కావాల్సిందేనన్నమాట.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. ఆ తండ్రుల్ని తప్పుపట్టడం తేలిక. జాతీయ విద్య గొప్పదని ఒప్పుకుంటూనే తన ఒక్కగానొక్క కొడుకు మీద ఆ ప్రయోగం వద్దనుకున్న తండ్రి, 1852లో బైబిలు గంటని భరించిన తండ్రికి మనవడి వరస. ఇద్దరిదీ ఒకే లెక్క.

మళ్లీ రోడ్డెక్కితే...

ఇప్పుడు బందరు నుంచి బెజవాడ వైపు వద్దాం. చదువుల కేంద్రం కూడా ఇరవయ్యో శతాబ్దంలో ఇలాగే ఇదే రోడ్డు వెంట నడిచొచ్చింది. 1937లో ఎస్.ఆర్.ఆర్. కాలేజీ, 1950ల్లో జెస్యూట్ పాదరీల ఆంధ్ర లయోలా, 1970ల్లో సిద్ధార్థ అకాడమీ... డెల్టా రైతు దగ్గర రెండో పంట డబ్బు మిగిలే కొద్దీ విజయవాడలో కాలేజీలు లేచాయి. ఊరి పెద్దలు చందాలేసి పెట్టిన కాలేజీలూ చాలా ఉన్నాయి. ఆ కథ వేరే రాయాలి.

అసలు మలుపు 1983లో వచ్చింది. డొనేషన్లు కట్టి సీట్లు కొనుక్కోవడం అన్యాయమని ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం తెచ్చింది. డబ్బు కాదు, ప్రతిభ ఉండాలన్నారు. దాంతో ఇంజినీరింగ్, మెడికల్ సీట్లకి ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చింది... ఎంసెట్! ఉద్దేశం బంగారంలాంటిది. జరిగింది వేరు. డొనేషనుగా ఒకేసారి కట్టే డబ్బు, కోచింగ్ ఫీజుగా ఏళ్ల తరబడి కట్టే డబ్బు అయింది. విజయవాడలో, గుంటూరులో, నెల్లూరులో చిన్న అద్దె గదుల్లో మొదలైన శిక్షణ సంస్థలు జూనియర్ కాలేజీలయ్యాయి. తర్వాత హాస్టళ్లతో కార్పొరేట్ గొలుసులయ్యాయి. ఆ తర్వాత ఆరో తరగతి నుంచే, ఇప్పుడు ఎల్‌కేజీ నుంచే మొదలయ్యాయి. ఈదుపుగల్లు, పోరంకి, కానూరు పొలాలు క్యాంపస్‌లయ్యాయి.

ఈ బడులు మతం మార్చవు. బైబిలు గంట లేదు, భగవద్గీత గంటా లేదు. ఆ మాటకొస్తే ఆటల గంటా లేదు! తెల్లారకముందే లేపి, రాత్రి పొద్దుపోయేదాకా చదివించే 'స్టడీ అవర్స్' ఉన్నాయి. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. ఆదివారం కూడా సెలవు లేకుండా నడిపినవీ ఉన్నాయి. పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న వార్తలు వరసగా రావడంతో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2001లో నీరదారెడ్డి కమిటీ వేసింది. పదహారేళ్ల తర్వాత, 2017లో, విభజిత ఆంధ్రప్రదేశ్‌లో అదే పని మీద చక్రపాణి కమిటీ వేయాల్సి వచ్చింది. ఒకే జబ్బుకి రెండు కమిటీలు. మొదటి కమిటీ చెప్పింది సరిగ్గా అమలై ఉంటే రెండోదాని అవసరం ఏముండేది?

1852లో పిల్లల్ని మాన్పించిన తండ్రులు బడిని ఖాళీ చెయ్యగలిగారు, కొద్దికాలమైనా సరే. మన కాలంలో అలా ఒక్క క్యాంపస్ ఖాళీ అయిన దాఖలా లేదు. అప్పటివాళ్లకి పిల్లాడి మతం పోతే వాడు పోయినట్టే అనిపించింది, ఊరంతా ఒకటై వీధిలోకొచ్చారు. ఇప్పుడు ఓ పిల్లాడు నిజంగానే పోయినప్పుడు ఆ ఇంటివాళ్లు ఒంటరిగా గేటు ముందు కూర్చుంటారు. మిగతావాళ్లు తమవాడి సెక్షన్ మారకుండా ఉంటే చాలనుకుంటారు. పోలిక అతిగా ఉందనేవాళ్లు ఉండొచ్చు. నాకైతే బందరు వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ ఇదే మెదులుతోంది.

ఇంగ్లీషు గొడవ మాత్రం ఇంకా తీరలేదు. 2019 నవంబరులో సర్కారు బడులన్నిటా ఇంగ్లీషు మీడియం పెడతామని రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది. తెలుగు చచ్చిపోతుందని ఒకరు... మీ పిల్లలకి ఇంగ్లీషు, మా పిల్లలకి తెలుగా అని ఇంకొకరు... రెండువైపులా మాటలు మంటలు లేపాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. మీడియం ఎంచుకోవడం తల్లిదండ్రుల, పిల్లల ఇష్టమంది. ఆ వాదనల్లో ఇంగ్లీషు కావాలని గట్టిగా అడిగినవాళ్లలో దళిత కుటుంబాలు చాలా ఉన్నాయి. రాఘవాపురం వెంకయ్య వెనక నడిచినవాళ్ల మునిమనవలు వాళ్లలో ఉండి ఉంటారు. నూట అరవై ఏళ్ల కిందట బందరు బడి బెంచీ మీద ఎవరి పిల్లలు కూర్చున్నారో, ఎవరి పిల్లలు కూర్చోలేదో గుర్తుంచుకుంటే ఆ అడగడంలో పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. తెలుగు మీద ప్రేమతో ఎదురు వాదించినవాళ్లలో ఎందరి పిల్లలు తెలుగు మీడియంలో చదివారన్న ప్రశ్నకి అప్పట్లో సూటిగా జవాబిచ్చినవాళ్లు తక్కువ.

2024 జనవరి ఆఖర్లో అదే ప్రభుత్వం సర్కారు బడుల్లోకి ఇంటర్నేషనల్ బకలారియేట్ తెస్తామని ఆ సంస్థతో ఒప్పందం చేసుకుంది. 1968లో జెనీవాలో పుట్టిన సంస్థ అది. దౌత్యవేత్తల పిల్లలు ఏ దేశంలో ఉన్నా ఒకే చదువు చదువుకోవడానికి ఏర్పడింది. జూన్‌కల్లా ప్రభుత్వం మారింది.

బందరు వెళ్లాలనుకుంటే విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి బస్సులు వస్తూనే ఉంటాయి. రెండు గంటల లోపు ప్రయాణం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది. కృష్ణా జిల్లాకి ముఖ్యపట్టణం మాత్రం పాత బందరే. నోబుల్, జాతీయ కళాశాల, హిందూ కాలేజీ... మూడు పేర్లూ ఆటోవాళ్లకి తెలుసు. డచ్చివాళ్ల సమాధులు చూడొచ్చు. మంగినపూడి బీచ్ పదకొండు కిలోమీటర్లు. వచ్చేటప్పుడు బందరు లడ్డు తెచ్చుకోవడం ఎలాగూ ఎవరూ చెప్పక్కర్లేదు.

వెళ్లేది ఆదివారమైతే బస్సులో సీటు దొరకడం కాస్త కష్టం. పామర్రులో, ఉయ్యూరులో ఎక్కే అమ్మానాన్నలుంటారు. ఒళ్లో క్యారేజీ, సంచిలో జంతికలు, పచ్చడి సీసా. వాళ్లు కంకిపాడు దాటగానే ఒక్కొక్కరే లేచి తలుపు దగ్గరికి వస్తారు. హాస్టల్ గేటు దగ్గర పేరు రాయించుకోవాలి, పిల్లాణ్ని పిలిపించాలి, చెట్టు కింద కూర్చోబెట్టి తినిపించాలి. విజిటింగ్ టైము అయిపోయేలోపు ఇవన్నీ కావాలి.